పెట్టెల్లోని పుస్తకాలకు ఒక లెడ్జరు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్లలో ఉన్న తెలుగు పుస్తకాల జాబితా ఇంటర్నెట్‌లో ఏ సైటులో పెట్టుకుంటే మంచిది, ఎవరి దగ్గర ఏముందో ఒకరికొకరికి తెలిసేదెలా అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. కంప్యూటరు చదువుకున్న కుర్రవాళ్లు సభలో ఇంతమంది ఉండగా నన్నెందుకు అడిగారంటే, నేను ఇరవై ఎనిమిదేళ్లు ఆర్డనెన్సులో స్టోరు లెడ్జర్లతో కాపురం చేసినవాణ్ణి. జబల్పూర్, ఆగ్రా, దేహు రోడ్డు, ఎక్కడికి వెళ్లినా నా పని ఒకటే. ఏ వస్తువు ఏ ర్యాకులో ఉంది, ఎవరికి ఇష్యూ అయింది, తిరిగి వచ్చిందా లేదా. వస్తువు ఉండటం వేరు, ఉన్నట్టు లెక్కలో ఉండటం వేరు. లెక్కలో లేని వస్తువు ఎదురుగా ఉన్నా అవసరానికి దొరకదు. ఈ సంగతి స్టోర్సులో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. పుస్తకాల విషయంలో మాత్రం మనం ఎవరమూ పట్టించుకోలేదు.

ముందు మన స్థితి చెప్పుకుందాం. ఊళ్లో ఉండేవాళ్లకు పుస్తకాలంటే గోడ బీరువా. మనకు పుస్తకాలంటే నల్ల ట్రంకుపెట్టె, దాని మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. పోస్టింగు ఆర్డరు రాగానే మొదట సర్దేవి పుస్తకాలే, కొత్త చోట చివరికి విప్పేవీ అవే. క్వార్టరు దొరికేదాకా ఎవరి వరండాలోనో పడి ఉంటాయి. రెండు పోస్టింగులు మూత తియ్యకుండానే గడిపిన పెట్టెలు నాకు తెలుసు. లీవుకు వెళ్లి విజయవాడ పుస్తకాల పండగలోనో, హైదరాబాదులో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూటో కొన్న నవలని, అప్పటికే పెట్టెలో ఉన్న సంగతి గుర్తులేక మళ్లీ కొనుక్కొచ్చిన వాళ్లు ఈ సభలోనే అరడజను మంది ఉన్నారు. నవ్వకండి, మీ పక్కవాళ్లే.

ఇంతవరకే అయితే సైటు అక్కర్లేదు. రెండు వందల పేజీల నోటుబుక్కు చాలు. కానీ ఆగ్రాలో ఉన్నాయన నోటుబుక్కులో ఏముందో బబీనాలో ఉన్నాయనకు ఎలా తెలుస్తుంది? మనవాళ్లు ఒక్కో కంటోన్మెంటుకు పదీ ఇరవై కుటుంబాలుగా దేశమంతా చెల్లాచెదురుగా ఉన్నాం. ఊళ్లో లాగా నడిచి వెళ్లి అడిగి తెచ్చుకునే శాఖా గ్రంథాలయం మనకు లేదు. మనలో ఒకరి పెట్టే ఇంకొకరికి గ్రంథాలయం కావాలి. అలా కాకపోతే ఏమవుతుందో ఒక్క సంగతి చెబుతాను.

పేరు చెప్పను, పాత సభ్యులకు ఆయన ఎవరో తెలుసు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ సిగరెట్టు తాగలేదు, రమ్ము ముట్టలేదు, మిగిలిన డబ్బంతా పుస్తకాలకే పోసేవారు. రిటైరై ఇక్కడే చిన్న ఫ్లాటు అద్దెకు తీసుకున్నారు. పదకొండు పెట్టెలు. ఆయన పోయాక కొడుకు వచ్చి తల్లిని తనతో తీసుకెళ్లాడు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యాలి, విమానంలో మనిషికి ఇన్ని కిలోలని లెక్క. పుస్తకాలు రద్దీవాడికి తూకానికి వెళ్లిపోయాయి. మనకు తెలిసేసరికి వారం దాటింది. మనవాళ్లు ఇద్దరు ఆ కొట్టుకు పరిగెత్తారు. మూడంటే మూడు పుస్తకాలు దొరికాయి, లోపలి పేజీలో ఆయన సంతకం, కొన్న ఊరు, తేదీ. అందులో ఒకటి మన సభ్యుడొకాయన నాలుగేళ్లుగా ఎక్కడా దొరకడం లేదని వెతుకుతున్న పుస్తకం. ఆయన ఇంటికీ ఆ ఫ్లాటుకూ మధ్య దూరం రెండు కిలోమీటర్లు.

ఆ తల్లిని ఎవరూ తప్పుపట్టడానికి లేదు. ఏ పుస్తకం ఎవరికి కావాలో ఆవిడకు తెలియదు. ఆ పుస్తకాలు ఆయన దగ్గర ఉన్నాయని మనకు తెలియదు. మధ్యలో ఉండవలసినది ఒక జాబితా. అది లేదు.

ఇప్పుడు సైటుల సంగతి. ఇలాంటివి చాలా ఉన్నాయి, అన్నీ చెప్పి మీ భోజనం ఆలస్యం చెయ్యను. ముఖ్యంగా రెండింటి గురించీ, మూసేసిన ఒకదాని గురించీ చెబుతాను. 2005 ఆగస్టులో అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ ఊళ్లో టిమ్ స్పాల్డింగ్ అనే ఆయన లైబ్రరీథింగ్ మొదలుపెట్టాడు. 2006లో షెల్ఫారి వచ్చింది. 2007 జనవరిలో గుడ్‌రీడ్స్ వచ్చింది. మన పిల్లల్లో చాలామందికి తెలిసిన పేరు గుడ్‌రీడ్సే. ఏ ఇంగ్లీషు పుస్తకం గురించి వెతికినా మొదట కనపడేది అదే. 2019లో స్టోరీగ్రాఫ్ అని ఇంకొకటి మొదలైంది, ఏడాదిలో ఎన్ని పేజీలు చదివాం, ఎలాంటివి చదివాం అని బొమ్మలు గీసి చూపిస్తుంది. చదివేవాళ్లకు సరదా. మన పెట్టెల సమస్యకు అది మందు కాదు.

గుడ్‌రీడ్స్‌కీ లైబ్రరీథింగ్‌కీ ఉన్న తేడా స్టోర్సు భాషలో చెబితే సులభం. గుడ్‌రీడ్స్ అడిగేది, ఈ పుస్తకం చదివావా, చదువుతున్నావా, చదవాలనుకుంటున్నావా అని. అలాంటి అరలతోనే మొదలవుతుంది. మెస్సులో కూర్చుని పుస్తకాల మీద కబుర్లు చెప్పుకోవడం లాంటిది. మంచి కాలక్షేపం, నాకూ ఇష్టమే. లైబ్రరీథింగ్ అడిగేది, ఈ ప్రతి నీ దగ్గర ఉందా, ఏ ముద్రణ, ఎక్కడ పెట్టావు, ఎవరికి ఇచ్చావు అని. అది బిన్ కార్డు. అందులో పెట్టెకొక సంచిక లాగా విడివిడి విభాగాలు చేసుకోవచ్చు. మనకు తప్ప ఇతరులకు కనపడని వ్యాఖ్య రాసుకునే గడి ఉంది. ఎరువు ఇచ్చిన పుస్తకం ఎవరి దగ్గరుందో, ఏ తేదీన ఇచ్చామో రాసుకునే ఏర్పాటూ ఉంది. ఇంకో ముఖ్యమైన తేడా. గుడ్‌రీడ్స్‌లో పుస్తకం వివరాల పేజీ అందరిదీ, అందులో తప్పు దిద్దాలంటే లైబ్రేరియన్ హోదా పొందిన సభ్యులు దిద్దాలి. లైబ్రరీథింగ్‌లో మన ప్రతి తాలూకు వివరాలు మన ఇష్టం, మనమే దిద్దుకుంటాం. ఇంగ్లీషు పుస్తకాలకు ఈ తేడా పెద్దగా తెలియదు. తెలుగు పుస్తకాలకు అసలు తేడా అంతా ఇక్కడే.

ఎందుకో చూడండి. ఈ సైటుల్లో పుస్తకం ఎక్కించే పద్ధతి ఏమిటంటే, వెనక అట్ట మీద గీతల గుర్తుకు ఫోను కెమెరా చూపిస్తే చాలు, పేరూ రచయితా వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. ఆ గీతల కింద ఉండే అంకెల పేరు ఐఎస్‌బీఎన్. 2007 జనవరి నుంచి పదమూడు అంకెలు, అంతకుముందు పది. మన దేశం పుస్తకాలకు 81, తర్వాత 93 కేటాయించారు. ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ పేరు మీద ఉన్న ఏజెన్సీ ఈ నంబర్లను ప్రచురణకర్తలకు ఉచితంగానే ఇస్తుంది. అయినా మన తెలుగు పుస్తకాల్లో, ముఖ్యంగా రచయితలే సొంతంగా వేసుకున్న వాటిలో, ఆ నంబరు లేనివే ఎక్కువ. ఇక ముప్ఫై, నలభై ఏళ్ల కిందటి నవలల మాట అడగనక్కర్లేదు. నా మొదటి పెట్టెలో నలభై మూడు పుస్తకాలుంటే కెమెరా పట్టుకున్నవి ఆరు. అందులో రెండు పిల్లల ఇంగ్లీషు డిక్షనరీలు.

మిగిలినవాటికి ఇంకో దారి ఉంది. దాని వెనక ఉన్న కథ పెద్దవాళ్లకు నచ్చుతుంది. పి.ఎల్. 480 గోధుమలు గుర్తున్నాయా? అమెరికావాళ్లు మనకు గోధుమలు అమ్మి, డాలర్లు అడగకుండా రూపాయలు తీసుకున్నారు. ఆ రూపాయలు ఇక్కడే ఖర్చుపెట్టాలి కదా. అందులో కొంత సొమ్ముతో 1962 నుంచి అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ వారి ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపించింది. అందులో తెలుగూ ఉంది. మనం రేషన్ షాపు ముందు ఎర్ర గోధుమల కోసం నిలబడ్డ రోజుల్లో మన నవలలు ఓడలెక్కి అమెరికా వెళ్లాయన్నమాట. ఆ పుస్తకాలన్నిటికీ అక్కడ శుభ్రంగా క్యాటలాగు రాశారు. లైబ్రరీథింగ్ ఆ కాంగ్రెస్ లైబ్రరీతో పాటు ప్రపంచంలోని అనేక వందల గ్రంథాలయాల క్యాటలాగుల్లో మన తరఫున వెతికిపెడుతుంది. రాజమండ్రిలోనో తెనాలిలోనో అచ్చయి, ఇవాళ తెలుగుదేశంలో ఎక్కడా దొరకని పుస్తకం వివరాలు అక్కడ దొరకడం నేను కళ్లారా చూశాను.

అయితే ఆ క్యాటలాగు చాలావరకు రోమన్ లిపిలో ఉంటుంది, అక్షరాల పైనా కిందా చుక్కలూ గీతలూ పెట్టి. వాళ్ల పద్ధతి వేరు. చలం పేరు మనం ఇంగ్లీషులో రాస్తే సి పక్కన హెచ్ పెడతాం. వాళ్లకు చకారానికి సి ఒక్కటే, హెచ్ చేరిస్తే అది ఛకారం అవుతుంది. ఈ కిటుకు తెలియకపోతే మీరు ఎంత వెతికినా చలం లేడనే చెబుతుంది. తెలిస్తే వరసగా వచ్చేస్తాయి. ఈ ఒక్క కిటుకుతో నా పని సగం తగ్గింది.

అలా దొరికినదాన్ని తెచ్చుకున్నాక పేరు గడిలో తెలుగు లిపిలో మళ్లీ మనమే రాసుకోవాలి. ఇందాక చెప్పానే, మన ప్రతి వివరాలు మనమే దిద్దుకునే వీలు, అది ఇక్కడ పనికొస్తుంది. ఎందుకంటే ఈ జాబితా చూడవలసింది అమెరికా లైబ్రేరియన్ కాదు, ఝాన్సీలో ఉన్న మన చెల్లెమ్మ. ఆవిడ తెలుగులో వెతుకుతుంది.

రచయితల పేర్లు ఇంకో తలనొప్పి. రాచకొండ విశ్వనాథ శాస్త్రి, రావిశాస్త్రి, రా.వి. శాస్త్రి, ముగ్గురూ ఒక్కరే అని మనకు తెలుసు, యంత్రానికి తెలియదు. బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు, రెండు పేర్ల మీదా రెండు చోట్ల ఉంటాడు. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు, వెనక రాయడం వాళ్ల అలవాటు. లైబ్రరీథింగ్‌లో ఇలాంటి రెండు పేర్లను ఒకటిగా కలిపే పని సభ్యులకే వదిలేశారు. మనలో ఓపికున్నవాళ్లు పది మంది కూర్చుంటే ఒక నెలలో ఎన్నో పేర్లు సర్దేయవచ్చు. మనం చేసినది మనకే కాక ఆ సైటులో తెలుగు పుస్తకాలు పెట్టుకున్న ప్రతివాళ్లకూ ఉపయోగం.

ఇక్కడ కార్యదర్శిగారికి ఒక విన్నపం. సంఘం బీరువాల జాబితా 2004లో టైపు చేయించారు, చాలా శ్రమపడ్డారు. కానీ అది అను ఫాంటులో ఉంది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గుగ్గిలంలా కనపడుతుంది. ఏ సైటుకైనా యూనికోడ్ తెలుగు కావాలి, అంటే ఇవాళ మీ ఫోనులో మెసేజీలు పంపుకుంటున్న తెలుగు. పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. మార్చాక ఒత్తులు ఒకసారి చూసుకుంటే చాలు, మళ్లీ టైపు చెయ్యక్కర్లేదు.

డబ్బు మాట. లైబ్రరీథింగ్ చాలా ఏళ్లు 200 పుస్తకాల వరకే ఉచితం, ఆపైన డాలర్లలో కట్టాలి. మనలో క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లే తక్కువగా ఉన్న రోజుల్లో ఆ అడ్డు పెద్దదే. 2020 మార్చిలో ఆ పరిమితి తీసేశారు, వ్యక్తులకు పూర్తిగా ఉచితం. చిన్న గ్రంథాలయాల కోసం వాళ్లదే టైనీక్యాట్ అని 2016లో వచ్చింది, 20,000 వస్తువుల వరకు పెట్టుకోవచ్చు, సంస్థలకు రుసుము ఉంది. సంఘం బీరువాలకు అది కావాలా అన్నది కార్యవర్గం ఇష్టం. న్యూజిలాండులో పుట్టిన కోహా అనే సాఫ్టువేరు ఉంది, ఉచితం, మన దేశంలో కాలేజీ గ్రంథాలయాలు చాలా వాడుతున్నాయి. దానికి ఒక సర్వరు, చూసుకునే మనిషి కావాలి. దోమను కొట్టడానికి ఫిరంగి అవుతుంది, నా మాట వినండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి. మనం క్వార్టరులో చేరేరోజు మార్చింగ్ ఇన్ అంటారు. ఎం.ఇ.ఎస్. మనిషి వచ్చి ఫ్యానులెన్ని, బల్బులెన్ని, కుళాయిలెన్ని అని కాగితం మీద రాసి సంతకం తీసుకుంటాడు. తెలివైనవాడు ఆ రోజే మార్చింగ్ అవుట్ గురించి ఆలోచిస్తాడు. ఏ అద్దం ముందే పగిలి ఉందో అప్పుడే రాయించుకుంటాడు. సైటులో చేరేటప్పుడూ అంతే. ఎంత అందంగా ఉంది అని చూడకండి. ఖాళీ చేసి వెళ్లవలసిన రోజున నా సామాను నాకు ఇస్తావా అని అడగండి.

షెల్ఫారి సంగతి ఇందాక సగంలో వదిలేశాను. చెక్క అరల్లో పుస్తకాల అట్టలు పేర్చినట్టు చూపించేది, కళ్లకు ఇంపుగా ఉండేది. 2008లో అమెజాన్ కొన్నది. 2013లో అదే అమెజాన్ గుడ్‌రీడ్స్‌ను కూడా కొన్నది. ఒకే యజమానికి రెండు కొట్లెందుకు? 2016లో షెల్ఫారిని మూసేసి, సభ్యులను గుడ్‌రీడ్స్‌కు వెళ్లమన్నారు. ఏళ్ల తరబడి పుస్తకాలు పేర్చుకున్నవాళ్లు తట్టాబుట్టా సర్దుకోవలసి వచ్చింది. లైబ్రరీథింగ్‌లోనూ అమెజాన్‌కు కొంత వాటా ఉంది, 2008లో అది కొన్న పాత పుస్తకాల కంపెనీ ద్వారా వచ్చింది. రేపు ఏమవుతుందో మనం రాసిపెట్టలేం. 2020 డిసెంబరులో గుడ్‌రీడ్స్ ఇంకో పని చేసింది. అంతవరకు బయటి ప్రోగ్రాములు దాని సమాచారం తీసుకోవడానికి ఉన్న తలుపును కొత్తవాళ్లకు మూసేసింది. దాని మీద ఆధారపడి చిన్న చిన్న సాధనాలు తయారుచేసుకుందామనుకున్న కుర్రవాళ్లు చేతులు ముడుచుకున్నారు.

మంచి సంగతి ఏమిటంటే, ఈ రెండు సైటులూ మన జాబితాను మన కంప్యూటరులోకి దించుకోనిస్తాయి. ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలు వస్తుంది. గుడ్‌రీడ్స్ ఫైలులో చదివిన తేదీ, ఇచ్చిన చుక్కలు, అరల పేర్లు వస్తాయి. లైబ్రరీథింగ్ ఫైలులో ఇంకా ఎక్కువ గడులు వస్తాయి. మనం ఎక్కించిన అట్టల ఫొటోలు ఆ ఫైలులో రావు, అవి వేరే దాచుకోవాలి. ఇంకో మాట, ఆ ఫైలును నేరుగా రెండుసార్లు నొక్కి తెరిస్తే ఒక్కోసారి తెలుగు అంతా పిచ్చి గుర్తుల్లా కనపడుతుంది. కంగారుపడి చెరిపెయ్యకండి. ఎక్సెల్‌లో దిగుమతి చేసేటప్పుడు యూటీఎఫ్-8 అని ఎంచుకుంటే తెలుగు తెలుగులాగే వస్తుంది. మూడు నెలలకొకసారి ఈ ఫైలు దించుకోండి. స్టాక్ టేకింగ్ అనుకోండి. అసలు లెడ్జరు మన చేతిలో ఉండాలి, సైటులో ఉన్నది నకలు.

భద్రత గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, అయినా చెబుతాను. 2018 జనవరిలో ఒక సంగతి ప్రపంచమంతా మాట్లాడుకుంది. స్ట్రావా అనే పరుగుల యాప్ తన సభ్యులు పరిగెత్తిన దారులన్నీ ఒక పటం మీద వెలుగు గీతలుగా వేసింది. ఎడారుల్లో ఎవరికీ కనపడకుండా ఉన్న సైనిక స్థావరాల ఆకారాలు ఆ గీతల్లో బయటపడ్డాయి. పరిగెత్తినవాడు తన ఒంటికోసం పరిగెత్తాడు, పాపం. 2020 జులైలో మన ఆర్మీ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా 89 యాప్‌లు ఫోనుల్లోంచి తీసేయమని ఆదేశించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పుస్తకాల జాబితాలో రహస్యమేముంది అంటారా? పుస్తకం కొన్న ఊరు, చదివిన తేదీ, ఎరువు ఇచ్చిన మనిషి పేరు, యూనిటు, ఈ నాలుగూ వరసపెట్టి రాస్తే ఒక మనిషి పోస్టింగుల చరిత్ర మొత్తం అందులో ఉంటుంది. మనవాళ్లకు పుస్తకం లోపలి పేజీలో స్టేషన్ పేరు, తేదీ రాసే అలవాటుంది, మంచి అలవాటే. కాగితం మీద రాయండి, సైటులోకి ఎక్కించకండి. ఏపీఓ అడ్రసు ఎక్కడా పెట్టకండి. పుస్తకాల అర ఫొటో తీసేటప్పుడు వెనక గోడ మీద ఏముందో చూసుకోండి. సర్వీసులో ఉన్నవాళ్లు తమ యూనిటులో అమల్లో ఉన్న ఆదేశం ముందు చూసుకోవాలి. అది వద్దంటే వద్దు. వాళ్ల పుస్తకాలు నోటుబుక్కులో రాసి ఇస్తే చాలు, సంఘం ఎక్కిస్తుంది.

అందుకని నేను కార్యవర్గానికి ఇచ్చిన సలహా ఇది. ప్రతి సభ్యుడికీ సంఘంలో ఒక వరస నంబరు ఉంది కదా. పుస్తకం ఎక్కించేటప్పుడు పేరు కాకుండా ఆ నంబరు, పెట్టె నంబరు మాత్రం వెయ్యాలి. ‘14/3’ అంటే పద్నాలుగో సభ్యుడి మూడో పెట్టె. పద్నాలుగో సభ్యుడు ఎవరు, ఎక్కడున్నాడు అన్నది కార్యదర్శిగారి కాగితం రిజిస్టరులోనే ఉంటుంది. ఎవరి ఖాతా వాళ్లది, దాన్ని ఇతరులకు కనపడకుండా పెట్టుకునే వీలూ ఉంది. మూడు నెలలకొకసారి దించుకున్న ఫైలు సంఘానికి పంపితే, అన్నీ కలిపి ఒక్క జాబితా చేసి సభ్యులకు ఇస్తాం. పుస్తకం కావలసినవాళ్లు ‘14/3’ అని కార్యదర్శిగారికి చెబితే ఆయన ఆ సభ్యుణ్ణి అడుగుతారు. ఇష్టమైతే పంపుతారు, లేకపోతే లేదు. బలవంతం లేదు. పంపడానికి తపాలా ఖర్చు భయపడక్కర్లేదు. 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ అని పుస్తకాల కోసం తక్కువ ధర సేవ పెట్టింది. ఇష్యూ వోచరు మాత్రం తప్పదు. అన్నగారైనా, బావగారైనా, సి.ఓ. గారైనా సంతకం పెట్టవలసిందే.

లైబ్రరీథింగ్‌లో సభ్యులు చేసిన ఒక పని నాకు చాలా నచ్చింది. వాళ్లు చనిపోయిన ప్రముఖుల సొంత పుస్తకాలను కూడా ఎక్కించారు. అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ పుస్తకాలన్నీ వరసగా ఉన్నాయి, సినిమా తార మార్లిన్ మన్రో పుస్తకాలూ ఉన్నాయి. జెఫర్సన్ పోయి రెండు వందల ఏళ్లవుతోంది. ఆయన ఏం చదివాడో ఇవాళ చెప్పగలుగుతున్నారంటే, ఆయన బతికుండగానే తన పుస్తకాల జాబితా రాసి పెట్టుకున్నాడు కాబట్టి. మన పదకొండు పెట్టెల పెద్దమనిషికి జాబితా లేదు. రద్దీ కొట్టులో దొరికిన మూడు పుస్తకాలు సంఘం బీరువాలో పై అరలో విడిగా ఉంచాం. నేను ఎక్కించిన మొదటి మూడు అవే. పెట్టె నంబరు గడిలో ఏం రాయాలో కాసేపు తోచలేదు. ఆయన సభ్యత్వం నంబరే రాశాను, పెట్టె నంబరు ఖాళీగా వదిలేశాను.

ఇక పని మాట. నా అనుభవంలో అలవాటైన మనిషి గంటకు ఇరవై తెలుగు పుస్తకాలు ఎక్కించగలడు, అలవాటు లేనివాడు ఎనిమిది. అక్కచెల్లెళ్లు ఈ పనిలో మగవాళ్లకంటే చురుకు, నేను చూశాను. ఏ పుస్తకం ఏ పెట్టెలో ఉందో ఇంట్లో వాళ్లకే తెలుసు కూడా. ఒక్కో పుస్తకానికి అట్ట ఫొటో, లోపల ముద్రణ వివరాలున్న పేజీ ఫొటో తీసిపెడితే చాలు, వివరాలు తీరిగ్గా నింపుకోవచ్చు. ముద్రణ సంవత్సరం తప్పకుండా రాయండి, ఒకే నవల ఎన్నో ముద్రణలు వచ్చి ఉంటుంది. పాత పుస్తకం వెన్ను విరిగేలా తెరవకండి, తడి చేత్తో పట్టుకోకండి. వారపత్రికల్లోంచి చింపి కుట్టించుకున్న సీరియళ్లు చాలామంది దగ్గరున్నాయి. వాటికి ఏ క్యాటలాగులోనూ వివరాలు దొరకవు, అవే ముందు ఎక్కించవలసినవి. కొన్నిటికి ప్రపంచంలో మన పెట్టెలో ఉన్నదొక్కటే మిగిలి ఉండవచ్చు.

వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి సంఘం గదిలో మొదలుపెడదాం. ఇద్దరు పిల్లలు లాప్‌టాప్‌లు తెస్తామన్నారు. మొత్తం పెట్టెలు మొయ్యకండి, ఇంటికి ఒక సంచీడు తెస్తే చాలు, పని నేర్చుకోవడానికి. మిగతావి మీ ఇంట్లో మీరే చేసుకుంటారు. సభ్యత్వం నంబరు గుర్తులేనివాళ్లు భోజనాల దగ్గర రిజిస్టరు చూసుకుని రాసుకోండి. కార్యదర్శిగారు ఎడంపక్క బల్ల దగ్గర కూర్చుంటారు, పక్కన నేనుంటాను.